సంతకం లేని స్టోరీబోర్డులు

మా వరంగల్ స్నేహితుడొకడు యానిమేటర్. చేతిలో ఎప్పుడూ ఓ స్కెచ్‌బుక్కు ఉండాల్సిందే. బస్టాండులో కూర్చున్నా, భద్రకాళి చెరువు గట్టున నిలబడ్డా వచ్చేపోయేవాళ్ళ నడకలు గీస్తూనే ఉంటాడు. గురువెవర్రా అంటే ఏ డిస్నీ పేరో చెప్తాడనుకున్నా. "చేర్యాల నకాషీలు" అన్నాడు!

చేర్యాల 2016 దాకా వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. అక్కడి నకాషీలు ఖాదీ బట్టకి చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి, నేరుగా కుంచెతోనే బొమ్మ గీసేవారు. వెనకంతా ఎర్రరంగు. ముప్పై అడుగులు దాటే పటంలో వరసగా గళ్ళు. కూనపులివాళ్ళు ఊరూరా తిరిగి పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్తూ, ఒక్కో గడీ విప్పి చూపించేవారు. స్టోరీబోర్డంటే ఇంకేమిటి చెప్పండి?

పటం పాతబడితే కొత్తది గీయించుకుని, పాతదాన్ని పూజ చేసి నదిలో కలిపేవారు. బొమ్మలు తర్వాతి పటంలోకి వచ్చేశాయి, గీసినవాళ్ళ పేర్లు ఏట్లో పోయాయి. మనం నాలుగు లైన్ల కోడు రాసినా పైన పేరూ, తేదీ పెట్టుకుంటాం కదా!

మావాడి స్కెచ్‌బుక్కు మొదటి పేజీలో ఓ పాత పటం చూసి దించిన బొమ్మ ఉంది. కింద సంతకం లేదు. అడిగితే, "మొదలు గీసిందెవరో తెల్వదు, నా పేరెట్ల పెడత?" అన్నాడు.

చేర్యాలలో ఇప్పటికీ కొన్ని కుటుంబాలు ఈ పని చేస్తున్నాయి. మీరెప్పుడైనా పటం కొంటే, గీసినవాళ్ళ పేరు అడిగి వెనక రాయించుకోండి. ఈసారి పేరైనా మిగలాలి.