తెగిన ధూళిపళ్ళెం

బందరు, గుడివాడ దీపాల వెలుగు వెనక వదిలేసి, కార్తీక మాసం రాత్రి హంసలదీవి ఇసుకలో నిలబడి ఈశాన్యానికి చూస్తే బ్రహ్మహృదయం పైకొస్తుంటుంది. దానికీ వృషభం కొమ్ములకీ మధ్య, కంటికి ఆనని చుక్క ఒకటుంది. పేరు ఆర్‌డబ్ల్యూ ఆరిగే. సుమారు 500 కాంతి సంవత్సరాల దూరం. నిజానికది ఒకటి కాదు, జంట.

ఆ జంటలో పెద్దదాని చుట్టూ వాయువూ ధూళీ పళ్ళెంలా తిరుగుతుండేవి. మన భూమీ, గురుడూ అలాంటి పళ్ళెంలోంచి వచ్చినవే. రేణువుకు రేణువు అంటుకుని గులకరాయై, బండరాయై, చివరికి గ్రహం కావాలంటే లక్షల ఏళ్ళ నిమ్మళం కావాలి. ఆ నిమ్మళం దీనికి దక్కలేదు. తోటి నక్షత్రమే పక్కనుంచి దూసుకుపోయింది.

ఢీకొట్టలేదు, తాకనైనా లేదు. చంద్రుడు నాగాయలంక దగ్గర కృష్ణలోకి పోటు ఎక్కించే తీరులోనే, పళ్ళెం దగ్గరి అంచును గట్టిగా, దూరపు అంచును మెల్లగా లాగింది. ఇక్కడైతే పోటు వెనకే పాటు వస్తుంది. అక్కడ లేచిన పోటు లేచినట్టే తెగి, ఆకాశంలోకి సాగిపోయింది. 2006లో సిల్వీ కాబ్రి బృందం ఫ్రాన్సు ఆల్ప్స్ కొండల మీది రేడియో టెలిస్కోపులతో చూస్తే, భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి 600 రెట్ల పొడవున వాయువు తోకలా కనిపించింది. పళ్ళెంలో మిగిలినది నక్షత్రం నుంచి అదే దూరానికి 60 రెట్లకు మించి లేదు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు గుండె చెరువవుతుంది.

నక్షత్రాలు గుంపులుగా పుడతాయి. పసివయసులో ఇలాంటి తారసపాట్లు తప్పవు. పళ్ళెం తిరిగే దిశలోనే వచ్చే నక్షత్రం మరీ చేటు, ఎక్కువసేపు వెంట ఉండి లాగుతుంది.

2010 చివర్లో ఆ చుక్క ఆరు నెలలపాటు మసకబారింది. వెలుగు దాదాపు ఆరోవంతుకు పడిపోయింది. చెదిరిన ధూళి అడ్డొచ్చి ఉంటుందన్నారు. 2017లో, మన చంద్రశేఖర్ పేరు పెట్టిన ఎక్స్‌రే టెలిస్కోపు అటు తిరిగినప్పుడు, సూర్యుడిలో ఉండే పాలుకు పదిరెట్లకు పైగా ఇనుము బయటపడింది. గ్రహాలు కాబోయే ముద్దలు ఒకదాన్నొకటి గుద్దుకుని, ఆ శకలాలు నక్షత్రంలో పడుతున్నాయేమో అన్నది శాస్త్రవేత్తల అనుమానం. అదే నిజమైతే, కడుపులో ఇనుము పట్టేదాకా ఎదిగిన బిడ్డలవి.

తోక ఒక్కటే కాదనీ, ఇంకా పాయలున్నాయనీ 2018లో చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపు చూపించింది. అంటే ఆ తోటి నక్షత్రం ఒక్కసారి వచ్చి ఊరుకోలేదన్నమాట. చుట్టు తిరిగి మళ్ళీ వస్తే, మిగిలిన ఆ కాస్త పళ్ళెం తట్టుకుంటుందా అన్నదే నా దిగులు.