బెలుం బిలం చెప్పే పాఠం



మా బత్తలపల్లె ప్రాంతపు రైతుకు రాయి అంటే ప్రీతి లేదు. అది నాగలికి అడ్డు, బావి త్రవ్వేవానికి అడ్డు. ఆ రాతినే వారసత్వంగా ఎంచి, దానిని కాపాడుతూనే చుట్టుప్రక్కల ప్రజలకు బ్రతుకుతెరువు కల్పించే ఏర్పాటు ఒకటి లోకంలో ఉన్నది. దానినే జియోపార్కు అంటారు. యునెస్కో 2015లో దీనికి అధికారిక హోదానిచ్చింది. 2025 నాటికి 50 దేశాలలో 229 జియోపార్కులు వెలసినవి. మన దేశంలో మాత్రం అప్పటికి ఒక్కటీ లేదు.

పేరు లేకున్నా ఆ దారిలో కొంత నడిచిన చోటు మన సీమలోనే ఉన్నది. అది తాడిపత్రికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, నేటి నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్న బెలుం గుహ. ‘బిలము’ అనే సంస్కృత శబ్దమే ఆ పేరుకు మూలమంటారు. సున్నపురాతిని నీరు యుగాల తరబడి కరిగించగా ఏర్పడినది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీనిని గురించి వ్రాశాడు. తరువాత దాదాపు నూరేళ్ళు విద్వల్లోకం దీనిని మరచింది. 1982, 83లలో గెబావర్ నాయకత్వాన జర్మన్ బృందం లోపలికి దిగి కొలతలు తీసింది. పొడవు 3,229 మీటర్లని తేలింది.

1988లో ప్రభుత్వం ఈ చోటును రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. దాదాపు అప్పటిదాకా ఇందులో చెత్త పడుతూనే ఉన్నది! కాగితం మీది ఆజ్ఞ ఒక్కటే చాలలేదు. స్థానికులు కొందరు పట్టుబట్టిన మీదట, 1999లో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ పని చేపట్టి, పూడిక తీయించి, బాటలు వేసి, దీపాలమర్చి, 2002లో ఒకటిన్నర కిలోమీటరు మేర ప్రజలకు తెరిచింది. చెత్తగుంట చూడదగిన చోటయినది.

చిక్కు ఇంకా తీరలేదు. గుహను ప్రసాదించిన సున్నపురాయే ఆ సీమలో నాపరాయిగా, సిమెంటుగా వేలమందికి కూలి ఇస్తున్నది. గని కూడు పెట్టే చోట ‘రాతిని ముట్టకండి’ అంటే వినేదెవరు? అందుకే జియోపార్కు నిర్వహణలో ఊరివారికి పాలు ఉండి తీరాలన్నది నియమం. దారి చూపేవారు, అన్నం వండి పెట్టేవారు, చేతివస్తువులు అమ్మేవారు స్థానికులే కావాలి. శిలాజాల అమ్మకాన్ని నిర్వాహకులు ప్రోత్సహించరాదు. నాలుగేళ్ళకొకమారు తనిఖీ జరుగుతుంది. లోపం సరిదిద్దుకోకుంటే హోదా పోతుంది.

2022 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ భూవారసత్వ రక్షణకు ఒక ముసాయిదా బిల్లును వెలువరించింది. చట్టం అవసరమే. కాని బెలుంలో ప్రకటన వెలువడిన తరువాత కూడా పని మొదలు కావడానికి 1999 దాకా పట్టిందని మరువరాదు. గుహ నిలిస్తే తన ఇంట పొయ్యి వెలుగుతుందని ఊరివాడు నమ్మిననాడు, దానికి వేరే కాపలా అక్కరలేదు.