వేజ్ బోర్డుల ముందు పత్రికా ఉద్యోగుల సంఘాలు

భారతదేశంలో పత్రికా ఉద్యోగుల సంఘాలు జీతాల బేరానికి సిద్ధమయ్యే పద్ధతి 1950ల నుంచి మిగతా పరిశ్రమల కంటే వేరుగా నడిచింది. మిల్లులో అయితే సంఘం డిమాండ్ల పత్రం ఇస్తుంది, యాజమాన్యం చర్చలకు పిలుస్తుంది. కుదిరితే ఒప్పందం రాసుకుంటారు, కుదరకపోతే విషయం రాజీ అధికారి దగ్గరికో సమ్మె దాకానో వెళుతుంది. పత్రికల్లో జీతాల స్కేళ్లను నిర్ణయించే పని కేంద్ర ప్రభుత్వం చట్టప్రకారం నియమించే వేతన మండలికి, అంటే అందరూ పిలిచే వేజ్ బోర్డుకు, అప్పగించారు. ఒక్కో సంస్థలో విడిగా ఒప్పందాలు జరిగినా వాటికి కొలబద్దగా వేజ్ బోర్డు సిఫారసులే ఉండేవి. అందువల్ల ఇక్కడి సంఘాలకు అన్నిటికంటే అక్కరకొచ్చిన విద్య లెక్కల పుస్తకం చదవడం. ఆ విద్య అవసరమని వాటికి తెలియజెప్పింది 1958లో సుప్రీంకోర్టులో తగిలిన ఎదురుదెబ్బ.

పునాది

స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో పత్రికా రచయిత కార్మికుడా కాడా అన్నదే తేలలేదు. సంపాదకవర్గంలో పనిచేసేవారిది మేధోవృత్తి అనే గౌరవం ఉండేది. ఆ గౌరవమే పారిశ్రామిక వివాదాల చట్టం కింద వారికి దక్కవలసిన రక్షణకు అడ్డుపడింది. నియామక పత్రం, పని గంటలు, నోటీసు లేకుండా పనిచేసేవారికి మేధావి అన్న పిలుపు జీతం పెంచదు. 1950 అక్టోబరులో ఢిల్లీలో భారత వర్కింగ్ జర్నలిస్టుల సమాఖ్య ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు నేషనల్ హెరాల్డ్ సంపాదకుడు మానికొండ చలపతిరావు. ఒక సంపాదకుడు, అందునా తెలుగువాడు, పత్రికా ఉద్యోగుల సంఘానికి ముందు నిలవడం ఆ కాలంలో పెద్ద విషయం. సంపాదకులు యాజమాన్యం పక్షమే ఉంటారన్న అలవాటును ఆయన పక్కన పెట్టారు.

1952లో జస్టిస్ జి.ఎస్. రాజాధ్యక్ష అధ్యక్షతన ప్రభుత్వం మొదటి ప్రెస్ కమిషన్‌ను నియమించింది. అందులో చలపతిరావు కూడా సభ్యుడు. 1954లో వచ్చిన నివేదిక జర్నలిస్టుల సేవా నిబంధనలకు చట్టం కావాలన్న వాదనకు బలమిచ్చింది. 1955లో ముందుగా పారిశ్రామిక వివాదాల చట్టాన్ని వర్కింగ్ జర్నలిస్టులకు వర్తింపజేశారు. అదే ఏడాది డిసెంబరులో వర్కింగ్ జర్నలిస్టుల సేవా నిబంధనల చట్టం వచ్చింది. వరుసగా నాలుగు వారాల్లో 144 గంటలకు మించి పని చేయించకూడదని, ఏడు రోజుల్లో 24 గంటల విశ్రాంతి ఇవ్వాలని అది నిర్దేశించింది. తొలగింపు నోటీసు సంపాదకుడికి ఆరు నెలలు, మిగిలిన జర్నలిస్టులకు మూడు నెలలు అని రాసింది. జీతాలు నిర్ణయించే బోర్డును నియమించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. ప్రూఫ్ రీడర్, కార్టూనిస్టు, న్యూస్ ఫోటోగ్రాఫర్ కూడా చట్టం దృష్టిలో వర్కింగ్ జర్నలిస్టులే. యంత్రం దగ్గరా కంపోజింగ్‌లోనూ పనిచేసేవారు మాత్రం 1974 సవరణ దాకా ఈ చట్టం బయటే ఉండిపోయారు. పత్రిక వాళ్ల చేతుల మీదుగానే బయటికి వస్తుంది గనుక ఇది అన్యాయమైన విభజన. అది సంఘాల ఐక్యతనూ చాలాకాలం దెబ్బతీసింది.

1958 తీర్పు

మొదటి వేజ్ బోర్డు 1956 మేలో జస్టిస్ హెచ్.వి. దివాటియా అధ్యక్షతన ఏర్పడింది. పత్రికలను స్థూల ఆదాయాన్ని బట్టి తరగతులుగా విడదీసి, తరగతికో స్కేలు నిర్ణయించి, మరుసటి ఏడాది మేలో నిర్ణయం ప్రకటించింది. యాజమాన్యాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఎక్స్‌ప్రెస్ న్యూస్‌పేపర్స్ కేసుగా ప్రసిద్ధమైన ఆ వివాదంలో 1958 మార్చి 19న తీర్పు వచ్చింది.

ఆ తీర్పు సంఘాలను ఒక చేత్తో నిలబెట్టి మరో చేత్తో కూలదోసింది. జీతాల చట్టం పత్రికా స్వేచ్ఛను హరిస్తుందన్న యాజమాన్యాల వాదనను కోర్టు ఒప్పుకోలేదు. మూడేళ్ల సర్వీసు తర్వాత స్వచ్ఛందంగా రాజీనామా చేసినవారికి గ్రాట్యుటీ ఇవ్వాలన్న నిబంధనను మాత్రం కొట్టివేసి, మిగతా చట్టాన్ని నిలబెట్టింది. బోర్డు నిర్ణయించిన స్కేళ్లను మాత్రం రద్దు చేసింది. పరిశ్రమకు చెల్లించే శక్తి ఎంత ఉందో బోర్డు చట్టం కోరిన తీరులో పరిశీలించలేదన్నది కారణం. జస్టిస్ ఎన్.హెచ్. భగవతి రాసిన ఆ తీర్పు కనీస వేతనం, న్యాయమైన వేతనం, జీవన వేతనం అనే మూడు మెట్లను విడమరిచి చెప్పింది. కనీస వేతనం విషయంలో యజమాని స్తోమత అడగనక్కరలేదు. అంతకు పైమెట్టు ఎక్కాలంటే స్తోమతను లెక్కలోకి తీసుకోవాల్సిందే.

జర్నలిస్టులు తమ ఇబ్బందులను బలంగా చెప్పుకోగలరు, అది వాళ్ల వృత్తి. ఇంటి అద్దె, పిల్లల చదువు, రాత్రి డ్యూటీ ఇవన్నీ ఎంత బాగా రాసినా, పత్రిక ఆ జీతం భరించగలదని నిరూపించకపోతే స్కేలు నిలవదని ఆ రోజు తేలిపోయింది. అదే ఏడాది ప్రభుత్వం ముందు ఆర్డినెన్సు, తర్వాత చట్టం తెచ్చి, జీతాల రేట్లను ఒక కమిటీకి అప్పగించింది. 1959లో కొత్త స్కేళ్లు వచ్చాయి. అప్పటి నుంచి ప్రతి బోర్డు ముందూ సంఘాల వాదన ఆస్తి అప్పుల పట్టీ చుట్టూనే తిరిగింది.

సన్నాహం

బోర్డులో యాజమాన్యాల ప్రతినిధులు ముగ్గురు, ఉద్యోగుల ప్రతినిధులు ముగ్గురు, స్వతంత్ర సభ్యులు నలుగురు ఉండేవారు. ఆ నలుగురిలో ఒకరు హైకోర్టు లేదా సుప్రీంకోర్టు న్యాయమూర్తి లేదా మాజీ న్యాయమూర్తి, ఆయనే అధ్యక్షుడు. కనుక సన్నాహంలో మొదటి మెట్టు ఆ మూడు కుర్చీల్లో ఎవరు కూర్చోవాలన్నది. భారత వర్కింగ్ జర్నలిస్టుల సమాఖ్య ఒక్కటే ఉన్న కాలంలో ఇది తేలిక. 1972లో నేషనల్ యూనియన్ ఆఫ్ జర్నలిస్ట్స్, తర్వాత చీలికలతో ఇండియన్ జర్నలిస్ట్స్ యూనియన్ వచ్చాక కుర్చీల పంపకమే ఒక బేరమైంది.

బోర్డు ఏర్పడగానే ప్రశ్నావళి వచ్చేది. సంఘం దాన్ని రాష్ట్ర శాఖలకు, అవి ఆఫీసు యూనిట్లకు పంపేవి. ఎవరు ఏ హోదాలో ఉన్నారు, నిజంగా ఏ పని చేస్తున్నారు, రాత్రి డ్యూటీలు ఎన్ని, మూల వేతనం ఎంత, కరువు భత్యం ఎంత అన్నది పే స్లిప్పులతో సహా సేకరించాల్సి వచ్చేది. హోదాకూ పనికీ పొంతన లేకపోవడం ఈ దశలోనే బయటపడేది. సబ్ ఎడిటర్ అని పేరుండి పేజీ మొత్తం పెట్టేవారు, అసిస్టెంట్ అని పేరుండి వార్తలు రాసేవారు ప్రతి ఆఫీసులో కనబడేవారు. జాగ్రత్తపడే సంఘాలు పనివివరాలను జీతాల పట్టికకు జతచేసి సమర్పించేవి. అలా చేయని చోట, స్కేలు వచ్చాక ఉద్యోగి ఏ గ్రూపులోకి వస్తాడన్న తగాదా ఏళ్ల తరబడి లేబర్ కోర్టులో నడిచేది.

రెండోది ఆదాయం లెక్క. స్థూల ఆదాయంలో ప్రకటనలు, అమ్మకాలు, ఇతర రాబడి అన్నీ కలిసేవి. ఒకే యాజమాన్యం కింద ఉన్న వేర్వేరు ఎడిషన్లను ఒక సంస్థగా చూడాలా, విడివిడిగా చూడాలా అన్నది పెద్ద పేచీ. విడివిడిగా చూస్తే ప్రతి ఎడిషనూ కింది తరగతిలోకి జారిపోయేది. అందుకే సంఘాల వినతిపత్రాల్లో ఎడిషన్ల ఆదాయాలను కలిపి లెక్కించాలన్న డిమాండుకు ఎప్పుడూ పెద్దపీట ఉండేది. కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర దాఖలైన లెక్కలు తీయించి, వాటిని చదవగలిగిన ఆడిటర్ల సాయం తీసుకునే పని ఇక్కడే వచ్చేది.

బోర్డు వివిధ నగరాల్లో విచారణలు జరిపేది. అక్కడ మౌఖికంగా వాదించేవారికి అంకెలన్నీ నోటిమీద ఉండాల్సి వచ్చేది. బోర్డు పని ఏళ్ల తరబడి సాగేది గనుక మధ్యంతర భృతి కోసం చట్టప్రకారం విడిగా అడగడం కూడా సన్నాహంలో భాగమే. సభ్యుల ఓపిక నిలవాలంటే చేతికి కొంత రావాలి.

షిండే నుంచి మణిసానా దాకా

1963లో జస్టిస్ జి.కె. షిండే అధ్యక్షతన రెండో బోర్డు ఏర్పడింది. 1970ల మధ్యలో జస్టిస్ డి.జి. పాలేకర్ అధ్యక్షుడిగా బోర్డులు వచ్చినప్పుడు యాజమాన్యాల ప్రతినిధులు తప్పుకున్నారు. మూడు పక్షాల్లో ఒకటి లేచిపోతే బోర్డు పనిచేయదు. 1979లో చట్టాన్ని సవరించి, పక్షాల ప్రతినిధులు లేని ట్రిబ్యునల్‌గా పాలేకర్‌కే బాధ్యత ఇచ్చారు. ఆయన మరుసటి ఏడాది సిఫారసులిచ్చారు. బల్ల దగ్గర ప్రతినిధి లేనందున, ట్రిబ్యునల్ ముందు సంఘం చెప్పేదంతా కాగితం మీదే ఉండాల్సి వచ్చింది. తర్వాత జస్టిస్ యు.ఎన్. బచావత్ బోర్డు 1985లో ఏర్పడి 1989లో, జస్టిస్ ఆర్.కె. మణిసానా సింగ్ బోర్డు 1994లో ఏర్పడి 2000లో ఫలితమిచ్చాయి.

మజీఠియా

2007లో ఏర్పడిన బోర్డుకు మొదట జస్టిస్ కె. నారాయణ కురుప్, ఆయన తప్పుకున్నాక 2009 నుంచి జస్టిస్ జి.ఆర్. మజీఠియా అధ్యక్షత వహించారు. మూల వేతనంపై 30 శాతం మధ్యంతర భృతి 2008 జనవరి 8 నుంచి వర్తించింది. నివేదిక 2010 డిసెంబరు 31న అందింది, నోటిఫికేషన్ 2011 నవంబరు 11న వెలువడింది. వెయ్యి కోట్ల రూపాయలు, ఆపై స్థూల ఆదాయం ఉన్న పత్రిక మొదటి తరగతి, కోటి లోపు ఉన్నది ఎనిమిదో తరగతి. ఇంటి అద్దె భత్యం నగర స్థాయిని బట్టి 30, 20, 10 శాతం.

యాజమాన్యాలు చట్టం చెల్లదనే వాదనతో సహా మళ్లీ కోర్టుకెక్కాయి. ఈసారి బోర్డు దగ్గర చెల్లింపు శక్తికి సంబంధించిన పరిశీలన కాగితం మీద ఉంది. 2014 ఫిబ్రవరి 7న చీఫ్ జస్టిస్ పి. సదాశివం, జస్టిస్ రంజన్ గొగోయ్, జస్టిస్ శివకీర్తి సింగ్‌ల ధర్మాసనం యాజమాన్యాల పిటిషన్లను కొట్టివేసింది. బకాయిలను ఏడాదిలోగా నాలుగు వాయిదాల్లో ఇవ్వమంది. 1958లో ఎక్కడ ఓడిపోయారో ఉద్యోగులు అక్కడే గెలిచారు.

గెలుపు చేతికి రాలేదు. నోటిఫికేషన్‌లో 20(జె) అనే క్లాజు ఉంది. పాత జీతంలోనే కొనసాగుతానని ఉద్యోగి మూడు వారాల్లో కోరుకోవచ్చని దాని సారాంశం. చాలా ఆఫీసుల్లో ఉద్యోగులు సంతకం చేసిన అంగీకార పత్రాలు బయటికి వచ్చాయి. సిఫారసులు అమలు కాలేదని దాఖలైన ధిక్కార పిటిషన్లపై 2017 జూన్ 19న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, సిఫారసుల కంటే తక్కువ జీతానికి ఆ క్లాజు సాకు కాదని, కాంట్రాక్టు ఉద్యోగులకూ స్కేళ్లు వర్తిస్తాయని, వేరియబుల్ పే కూడా ఇవ్వాలని స్పష్టం చేసింది. అయితే అమలు చేయకపోవడం ఉద్దేశపూర్వక ధిక్కారం కాదంది. బకాయిల కోసం చట్టంలోని 17వ సెక్షన్ కింద వెళ్లాలని, బదిలీలు, తొలగింపుల ఫిర్యాదులు తగిన అధికారి దగ్గర చెప్పుకోవాలని సూచించింది. దేశం మొత్తానికి ఒకేసారి సాధించిన స్కేలు చివరికి ఒక్కొక్క ఉద్యోగి తన పేరు మీద వేసుకోవాల్సిన దరఖాస్తుగా మారింది. పాత పే స్లిప్పులు దాచుకున్నవారికే లెక్క తేలింది.

జిల్లా విలేకరులు

తెలుగునాట ఈ చరిత్రకు మరో కోణం ఉంది. 1980ల చివర్లో జిల్లా టాబ్లాయిడ్లు మొదలయ్యాక మండలానికో విలేకరి అవసరమయ్యాడు. వీరిలో ఎక్కువమందికి జీతం లేదు, అచ్చయిన వార్త పొడవును బట్టి లైన్ అకౌంట్ ఉంటుంది. పేజీల్లో చాలా వార్తలు వాళ్లవే అయినా హాజరు పట్టీలో వాళ్ల పేర్లు ఉండవు. చట్టం నిర్వచనం జర్నలిజమే ప్రధాన వృత్తిగా పార్ట్‌టైమ్‌గా ఉద్యోగం చేసేవారినీ లోపలికి తీసుకుంది. కానీ ఉద్యోగి అని నిరూపించే కాగితం ఎక్కడుంది? జర్నలిస్టు సంఘాల సభ్యత్వంలో పెద్ద భాగం ఈ విలేకరులదే. అందుచేత ఇక్కడి సంఘాల శక్తిలో చాలా భాగం అక్రిడిటేషన్ కార్డులు, ఇళ్ల స్థలాలు, ఆరోగ్య కార్డుల కోసం ప్రభుత్వాన్ని అడగడానికి ఖర్చయింది. అవి అవసరమైనవే. అయితే వాటి వల్ల జీతం ఇవ్వాల్సిన చేయి పక్కకు తప్పుకుంది.

లేబర్ కోడ్‌ల తర్వాత

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 1955, 1958 నాటి జర్నలిస్టుల చట్టాలను రద్దయ్యే చట్టాల జాబితాలో చేర్చింది. ఎలక్ట్రానిక్, డిజిటల్ మాధ్యమాల్లో పనిచేసేవారిని వర్కింగ్ జర్నలిస్టుల నిర్వచనంలోకి తెచ్చింది. దశాబ్దాలుగా టీవీ ఉద్యోగులు కోరుతున్నది అదే. కానీ వేజ్ బోర్డు ఏర్పాటు నిబంధనలు కొత్త కోడ్‌లోకి రాలేదు. లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి.

జీతాల బేరం ఇప్పుడు ఒక్కో సంస్థ గుమ్మం ముందుకు వచ్చింది. అమెరికాలో 1933లో పుట్టిన న్యూస్‌పేపర్ గిల్డ్ మొదటి నుంచీ నడిచింది ఈ దారిలోనే. అక్కడ ఒప్పందానికి గడువు తేదీ ఉంటుంది, ఆ తేదీని చూసుకుని నెలల ముందే సభ్యుల అభిప్రాయ సేకరణ, బేరసారాల కమిటీ ఎన్నిక, సమ్మె నిధి సిద్ధమవుతాయి. మన సంఘాలకు ఆ అలవాటు తక్కువ. ఈ లేబర్ కోడ్‌లలో ఒకటైన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సమ్మెకు ఏ సంస్థలోనైనా 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒకటి కంటే ఎక్కువ సంఘాలున్న సంస్థలో కార్మికుల తరఫున మాట్లాడే ఏకైక సంఘంగా గుర్తింపు పొందాలంటే మస్టర్ రోల్ (హాజరు పట్టీ) లోని కార్మికుల్లో కనీసం 51 శాతం మంది దాని సభ్యులై ఉండాలి. ఏ సంఘానికీ అంత బలం లేకపోతే, కనీసం 20 శాతం చొప్పున ఉన్న సంఘాలు కలిసి చర్చల మండలిలో కూర్చుంటాయి. లెక్క మస్టర్ రోల్‌ది గనుక లైన్ అకౌంట్ విలేకరి సంఘానికి ఎంత చందా కట్టినా ఆ 51 శాతంలోకి రాడు. కొత్త పద్ధతిలో సంఘాల సన్నాహం డిమాండ్ల పత్రం కంటే ముందు నియామక పత్రాల దగ్గర, మస్టర్ రోల్‌లో పేర్ల నమోదు దగ్గర మొదలు కావలసి ఉంది.