చిట్టివలస మిల్లు – ‘మనుషులు మారాలి’

విశాఖపట్టణము జిల్లాలో తగరపువలసను ఆనుకొనియున్న చిట్టివలస జనపనార మిల్లు 2009లో లాకౌటైనది. కూలి ఆగినచో అప్పు, అప్పు పుట్టనిచో పస్తు. ఈ క్రమమును తెలుగు చలనచిత్రము అంతకు 40 ఏండ్ల పూర్వమే కథావస్తువుగా గైకొన్నది. అది 1969లో వి. మధుసూదనరావు దర్శకత్వమున వెలువడిన ‘మనుషులు మారాలి’. దీనికి మూలము 1968 నాటి మలయాళ చిత్రము ‘తులాభారం’. ఆ కథ తోప్పిల్ భాసిది. రెంటను నాయిక శారదయే.

కలిమిలో పుట్టిన స్త్రీ ఇల్లు చితికిన పిమ్మట మిల్లు కార్మికుని పెండ్లాడును. కార్మిక సంఘర్షణలో భర్త హతుడగును. బిడ్డల ఆకలి చూడజాలక తల్లియే వారిని చంపి న్యాయస్థానమున నిలుచును. ఈ ముగింపు కరుణరసమునకై చేసిన అతిశయోక్తిగా తోపవచ్చును. నాకట్లు తోచదు. పేదయింటి కష్టమునకు తాగుబోతు భర్తనో, గయ్యాళి అత్తనో, విధినో కారణముగా చూపుట మన చిత్రములకు పరిపాటి. శోభన్‌బాబు ధరించిన కార్మికుడు వ్యసనపరుడు కాడు, సోమరి కాడు. కావున ప్రేక్షకుడు ఇంటిలో దోషిని వెదకి ప్రయోజనము లేదు. మిల్లు ద్వారమువైపు చూడవలసినదే. విచారణ మాత్రము తల్లి ఒక్కతెకే జరుగును. ఈ వైషమ్యమే చిత్రమునకు ప్రాణము.

1970లో మధుసూదనరావు దీనినే శారదతో హిందీలో ‘సమాజ్ కో బదల్ డాలో’గా తీసినాడు.