జాన్ బాప్టిస్ట్ డి లా సాల్

జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ (ఏప్రిల్ 30, 1651 - ఏప్రిల్ 7, 1719) ఫ్రాన్సు దేశానికి చెందిన కాథలిక్ మతగురువు, విద్యావేత్త. పేద బాలుర విద్య కొరకు "క్రైస్తవ పాఠశాలల సోదరులు" అను సంఘమును స్థాపించాడు. కాథలిక్కులు ఈయనను ఉపాధ్యాయుల పాలక పునీతునిగా గౌరవిస్తారు.

తొలి జీవితము
ఈయన రీమ్స్ నగరములో ఒక సంపన్న కుటుంబములో జ్యేష్ఠ పుత్రునిగా జన్మించాడు. 16వ ఏటనే రీమ్స్ ప్రధాన దేవాలయములో ఆదాయము గల కేనన్ అను మతపరమైన పదవి లభించింది. 1671లో తల్లి, 1672లో తండ్రి మరణించుటచే పారిస్‌లో చదువు ఆపి, తమ్ములు చెల్లెళ్ళ బాధ్యత స్వీకరించాడు. 1678లో గురుపట్టము పొందాడు.

ఆస్తి త్యాగము
1679లో పేదల కొరకు పాఠశాలలు తెరవడానికి రీమ్స్ వచ్చిన ఏడ్రియన్ నియెల్‌కు ఈయన సహాయపడ్డాడు. ఆ పాఠశాలల ఉపాధ్యాయులకు తగిన శిక్షణ గాని, స్థిరమైన జీవనము గాని లేవని గ్రహించి, బంధువులు వ్యతిరేకించినా 1681లో వారిని తన ఇంటికి చేర్చుకున్నాడు. దైవముపై భారము వేయమని బోధించగా, ఆస్తిపరునికి అట్లు చెప్పుట సులభమని వారు బదులిచ్చారు. ఆ మాటలోని సత్యమును అంగీకరించి 1683లో కేనన్ పదవిని విడిచాడు. తరువాత వచ్చిన కరువులో తన ఆస్తిని పేదలకు ఆహారముగా పంచివేశాడు.

విద్యా విధానము
ఆనాడు పాఠశాలలలో చదువుట మొదట లాటిన్‌లో నేర్పేవారు. పేద పిల్లలు త్వరగానే బడి మాని పనిలో చేరేవారు కనుక ఆ చదువు వారికి అక్కరకు వచ్చేది కాదు. అందుచే లా సాల్ మాతృభాష అయిన ఫ్రెంచిలోనే చదువు ప్రారంభింపజేశాడు. ఒక్కొక్క విద్యార్థికి విడిగా కాక తరగతి మొత్తానికి కలిపి బోధించే పద్ధతిని వ్యాప్తి చేశాడు. ఉపాధ్యాయ శిక్షణ కేంద్రములను నెలకొల్పాడు. సోదరులు బోధనకే అంకితము కావలెనని, వారిలో ఎవరూ గురుపట్టము పొందరాదని నియమము చేశాడు.

వ్యతిరేకత
ఉచిత విద్య వలన పారిస్‌లో రుసుము తీసుకుని వ్రాత నేర్పే ఉపాధ్యాయులకు ఆదాయము తగ్గింది. వారు వ్యాజ్యములు వేయగా 1704లో తీర్పు లా సాల్‌కు వ్యతిరేకముగా వచ్చింది. అయినను ఇతర పట్టణములలో పాఠశాలలు కొనసాగాయి.

మరణము, గౌరవములు
1719లో గుడ్ ఫ్రైడే నాడు రూవెన్‌లో మరణించాడు. పోప్ 13వ లియో 1900లో పునీతునిగా ప్రకటించాడు. 1950లో పోప్ 12వ పయస్ ఉపాధ్యాయుల పాలక పునీతునిగా ప్రకటించాడు.