వెన్నుపూసల నడుమ మెత్త

నడుము పట్టినవానిని బోర్ల పరుండబెట్టి, ఎదురుకాళ్ళతో పుట్టినవారిచేత తొక్కించు ఆచారమును మన పల్లెలలో ఎరుగనివారు లేరు. ఆ కాళ్ళలో ఏదో మహిమ కలదని నేను నమ్మను. కాని మందు దొరకని నొప్పి మనుష్యునిచేత ఎన్ని పనులు చేయించునో ఆ ఆచారమువలన తెలియును. ప్రాచీన గ్రీసు దేశమున వైద్యులు గూనివానిని నిచ్చెనకు కట్టి, ఆ నిచ్చెనను ఎత్తునుండి దబ్బున క్రిందికి వదలి కుదిలించెడివారు. ఇది గుంపులుగా చేరిన జనులను నోరు తెరిపించుటకై చేయు గారడి యని హిప్పోక్రటీసు పేర వచ్చిన గ్రంథములోనే ఆక్షేపణ కలదు. మన ఆయుర్వేదము తుంటినుండి పాదమువరకు లాగు నొప్పిని గృధ్రసి యన్నది. గృధ్రమనగా రాబందు. రోగి నడక రాబందు నడకను పోలుటచే ఆ పేరు వచ్చినదందురు.

నేడు నేను చెప్పబోవునది ఆ నొప్పికి కనిపెట్టిన చికిత్సలలో ఒకదాని చరిత్ర. చెడిన డిస్కును తీసివైచి, దాని చోట వంగుచు తిరుగుచు నుండు కృత్రిమపు డిస్కును పెట్టుట యను ప్రయత్నము 1960 ప్రాంతములనుండి జరుగుచున్నది. పట్టణపు ఆసుపత్రులలో ఈ మాట ఇప్పుడు తరచుగా వినబడుచున్నది. మీలో ఎవరికైనను తమ కొరకో, తమ బిడ్డల కొరకో దీనినిగూర్చి అవుననియో కాదనియో చెప్పవలసిన దినము రావచ్చును. ఇతరులు ఎక్కడ తప్పటడుగు వేసిరో ఎరిగియుండిననాడు డాక్టరుగారిని అడుగవలసిన ప్రశ్న మనకు తోచును.

మెడ మొదలు నడుమువరకు మన వెన్నెముకలో కదలెడు పూసలు 24. పై రెండు పూసల నడుమ తప్ప, తక్కిన పూసల నడుమ నెల్ల ఒక్కొక్క మెత్త కలదు. ఇవి 23. డిస్కు అనునది ఇదియే. దాని చుట్టును ఉల్లిగడ్డ పొరలవలె పొరపొరలుగా అల్లుకొన్న పీచుకట్టు, నడుమ గుజ్జు. పడుచువాని గుజ్జులో నూటికి 80 పాళ్ళు నీరే. పగలెల్ల శరీరపు బరువుక్రింద నలిగి ఈ మెత్త కొంత నీటిని విడుచును, రాత్రి మనము పండుకొనినప్పుడు మరల పీల్చుకొనును. అందువలననే తెల్లవారి లేచునప్పుడు మనము సాయంకాలముకంటె సుమారు 1 సెంటీమీటరు పొడవుగా నుందుము. గోడకు ఆని నిలిచి గీత గీయించుకొని ఎవరైనను దీనిని పరీక్షించి చూడవచ్చును. పెద్దవారి డిస్కు లోపలికి నెత్తుటి నాళములు పోవు గనుక, ప్రక్క ఎముకలనుండి ఊరి వచ్చునదే దానికి ఆహారము. వయసు మీరిన కొలది నీరు తగ్గును, మెత్త పలుచనగును. ఒక్కొకప్పుడు పీచుకట్టు చిట్లి, గుజ్జు వెనుకకు పొడుచుకొని వచ్చి నరమును నొక్కును. అప్పుడు కాలిలోనికి నిప్పు పారినట్లుండును.

ఈ సంగతి తెలియుటకు పట్టిన కాలము తలచుకొన్నచో ఆశ్చర్యము కలుగును. వెసాలియస్ అను శరీరశాస్త్రజ్ఞుడు 1543లోనే డిస్కును వర్ణించెను. 1764లో నేపుల్సు నగరపు కొటున్యో, కాలినొప్పిలో నరమునకు సంబంధించిన రకము వేరుగా కలదని వ్రాసెను. ఈ రెండింటిని ముడిపెట్టి లోకమును ఒప్పించిన వ్యాసము వచ్చినది 1934లో. అంతకు మునుపు శస్త్రవైద్యులు వెన్నులో నరమును నొక్కుచున్న గడ్డను తీసినప్పుడెల్ల దానిని మృదులాస్థి కంతి యని పేరిడి సీసాలో దాచిపెట్టెడివారు. అమెరికాలోని బోస్టను నగరమున మిక్స్టర్, బార్ అను ఇద్దరు వైద్యులు 1932లో ఒక రోగికి ఆపరేషను చేసిన పిమ్మట, దాచియుంచిన ఆ పాత ముక్కలను మరల తీయించి పరీక్షింపజేసిరి. కంతులనుకొన్నవానిలో పెక్కు కంతులు కావు, పగిలి బయటికి వచ్చిన డిస్కు తునకలు! ఏండ్ల తరబడి బీరువాలో కన్నుల యెదుటనే యున్న వస్తువు అది.

రోగము తెలిసినది. నరమును నొక్కు తునకను తీసివేసినచో కాలినొప్పి తగ్గెను. కాని మెత్త చెడిన పూసల నడుమ కొందరికి నడుమునొప్పి మిగిలెను. దానికి వైద్యులు వెదకినదంతయు కదలకుండ చేయు ఉపాయమునే. 1911లో న్యూయార్కులో హిబ్స్, ఆల్బీ అను ఇద్దరు ఎవరి పద్ధతిని వారు వెన్నుపూసలను ఒకదానితో ఒకటి అతికించిరి. ఆల్బీ రోగి ముంగాలి ఎముకనుండియే చెక్కను కోసి తెచ్చి వెన్నులో నాటెను. వారు ముఖ్యముగా ఈ పని చేసినది వెన్నుకు క్షయ పట్టినవారికి. క్షయతో కూలిపోవు వెన్నును నిలబెట్టుటకు అది మంచి పద్ధతియే. తరువాతి తరములవారు అదే పద్ధతిని అరిగిన డిస్కులకును వర్తింపజేసిరి.

కదలిక పోయిన వెన్ను ఎట్లుండునో మన తెలుగు దేశమునకు ఒకరు చెప్పనక్కరలేదు. బావినీటిలో ఫ్లోరైడు మితిమీరిన పల్లెలలో ఎముకలు బిరుసెక్కి, వెన్నును కట్టియుంచు నరాలవంటి బంధనములు సైతము ఎముకలై, వెన్నెముక యంతయు ఒక్క కడ్డీవలె బిగిసిపోవును. ప్రక్కకు చూడవలెనన్న మనిషి మొత్తము దేహమును త్రిప్పుకొనవలయును. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని కనుగొని ప్రకటించిరి. నల్లగొండ జిల్లాలో దీనిచే వంగిపోయిన బ్రదుకులను మీలో పెక్కుమంది చూచియుందురు. శస్త్రవైద్యుడు ఒకటి రెండు పూసలను అతికించుట దీనితో సమానమని నేననను. ఒక్క చోటు బిగిసినను తక్కిన చోట్లు వంగును. కాని జోడెద్దులలో ఒకటి కూలబడినప్పుడు కాడిబరువు రెండవదానిపై పడినట్లు, అతికిన పూసల పైనను క్రిందను ఉన్న డిస్కులపై శ్రమ హెచ్చును. కొందరిలో కొన్నేండ్లకు అవియు చెడుచున్నట్లు కనబడెను. ఇది అతుకువలననా, వయసువలననా యను వాదము ఇప్పటికిని తెగలేదు. ఏమైనను, నొప్పిని పోగొట్టుచు కదలికను నిలుపలేమా యను ప్రశ్న అక్కడనే మొలకెత్తినది.

మొదట సాహసించినవారిలో స్వీడను దేశపు ఫెర్న్‌స్ట్రోమ్ ముఖ్యుడు. ఆయన డిస్కును తీసి, ఆ సందున ఉక్కుగుండును పెట్టెను. గుండుమీద పూస ఏ వైపునకైనను దొర్లునని ఆయన ఊహ. 1966లో ఆయన ప్రకటించిన లెక్కలో 125 మంది రోగులు, 191 గుండ్లు కలవు. ఊహ బాగున్నది గాని ఎముక ఉక్కు కాదు. గుండు ఎముకను తాకునది కొద్ది మేరయే. బరువంతయు ఆ కొద్దిచోటున పడుటచే, తడిసిన నేలలో ఇనుపగుండు దిగబడినట్లు, చాలమందిలో గుండ్లు పూసలలోనికి దిగిపోయినవి. ఆ కాలముననే, ఆ దేశముననే, నాకెమ్సన్ అను వైద్యుడు బ్రదికియున్న మనుష్యుల డిస్కులోనికి సూది దించి, లోపలి ఒత్తిడి ఎంతయో కొలిచెను. పరుండినప్పుడు తక్కువ, నిలిచినప్పుడు ఎక్కువ, ముందుకు వంగి బరువెత్తునప్పుడు మిక్కిలి ఎక్కువ. నిలుచుటకంటె, ఆనుకొనకుండ కూర్చుండినప్పుడే ఒత్తిడి హెచ్చని కూడ ఆయన లెక్కలో తేలినది. నాటుకూలీలును, బస్తాలు మోయువారును నడుమునొప్పి యని ఎందులకు మూల్గుదురో ఆ సూది చెప్పినది.

తుంటికీలు విషయములో మాత్రము 1962 నాటికే దారి దొరికినది. ఇంగ్లండులో చార్న్‌లీ లోహపు బంతిని గట్టి ప్లాస్టిక్ చిప్పలో తిరుగునట్లు అమర్చి, కుంటువారిని నడిపించెను. లోహమును ప్లాస్టికును ఒరసికొనుచు తిరుగు ఈ సూత్రమే పిమ్మట వెన్నునకును వచ్చినది. తెచ్చినవారు తూర్పు బెర్లినులోని షారిటే ఆసుపత్రివారు.

వారిలో ఒకరి కథ వినదగినది. కరీన్ యాన్జ్ అను యువతి 1972లో మ్యూనిక్ ఒలింపిక్కు క్రీడలలో జిమ్నాస్టిక్సునందు 2 బంగారు పతకములు గెలిచినది. ఒకటి గుర్రముమీదుగా దూకుటలో, ఒకటి హెచ్చుతగ్గు కడ్డీలపై విన్యాసములలో. తరువాత ఆమె వైద్యము చదివి, బ్యూట్నర్-యాన్జ్ అను పేరున ఎముకల వైద్యురాలయ్యెను. నడుము వంగుట యెంత విలువగలదో ఆమెకు వేరొకరు చెప్పవలసిన పనిలేదు గదా. ఆమెయు కుర్ట్ షెల్నాక్ అను సహచరుడును కలిసి రచించిన డిస్కును 1984లో మొదటిసారిగా రోగికి అమర్చిరి. పైన ఒక లోహపు పళ్ళెము, క్రింద ఒకటి, నడుమ జారుచుండు ప్లాస్టిక్ బిళ్ళ. ఎముకను పట్టుకొనుటకు పళ్ళెములకు చిన్న కోరలు. మొదటి రకపు పళ్ళెములు మరీ చిన్నవగుటచే కదలిపోయినవి. రెండవ రకములో పళ్ళెములు విరిగినవి. మూడవ రకమును వెడల్పుగా, కోబాల్టు క్రోమియము కలిపిన లోహముతో, పశ్చిమ జర్మనీలోని హాంబర్గు నగరపు కంపెనీ 1987లో చేసి యిచ్చినది. బెర్లిను నగరపు నడుమ గోడ ఇంకను నిలిచియున్న రోజులవి. తూర్పున పుట్టిన ఆలోచన పడమట లోహమై తిరిగి వచ్చుటను ఆ గోడ ఆపలేకపోయినది.

అమెరికా ప్రభుత్వము 2004లో ఈ డిస్కును అనుమతించినది. అంతకు ముందు 304 మంది రోగులలో కొందరికి డిస్కును, కొందరికి అతుకును చేసి 2 సంవత్సరములు చూచిరి. డిస్కు అతుకునకు తీసిపోదని తేలినది. ఈ మాటను జాగ్రత్తగా వినవలయును: తీసిపోదనిరే గాని, నొప్పిని మిక్కిలి బాగుగా పోగొట్టుననలేదు. ఫ్రాన్సులో మార్నే అను వైద్యుడు 1990లో మొదలుపెట్టిన మరియొక రకమునకు 2006లో అమెరికాలో అనుమతి వచ్చినది. బెర్లిను డిస్కు తయారీ తరువాత ఆగిపోయినది గాని, దాని సూత్రము నేటికిని బ్రదికియున్నది. మెడపూసలకు బ్రిస్టలు నగరమున కమిన్స్ మొదలుపెట్టిన పని నడుమునకంటె బాగుగా ఫలించినది. మెడ మోయు బరువు తక్కువ, గొంతుప్రక్కనుండి చేరుట సుకరము.

ఇక ఉబ్బెడు బిళ్ళల మాట. లోహపు కీలు కదలును గాని, మెత్తవలె ఒత్తిడిని దిగమ్రింగజాలదు. పైగా దానిని పెట్టుటకు పొట్ట భాగమునుండి పెద్ద దారి చేయవలయును. చిన్న రంధ్రమున లోపలికి పోయి, లోపల పెద్దదగు వస్తువున్న నెంత బాగుండును! ఎండు శనగను నీట వేసినప్పుడు జరుగునది ఇదియే గదా. అమెరికా వైద్యుడు చార్లెస్ రే, నీరు పీల్చుకొని ఉబ్బు జిగురుపదార్థమును చిన్న దిండువలె గలీబులో కుట్టి, ఎండించి, గుజ్జు తీసిన డిస్కులో దూర్చు పద్ధతిని కనిపెట్టెను. 1996లో దానిని మనుష్యులకు పెట్టనారంభించిరి. అది పగలు నలిగి, రాత్రి నీరు పీల్చి, స్వభావసిద్ధమైన గుజ్జు నడవడినే అనుకరింపజూచెను. ఇంత అందమైన ఊహ ఈ చరిత్రలో మరియొకటి లేదని నా అభిప్రాయము. కాని కొందరిలో ఆ దిండు వచ్చిన దారినే వెలికి జారినది, కొందరిలో పూసల ఎముకలోనికి నొక్కుకొనిపోయినది. తిత్తిని లోపలికి పంపి, అందు ద్రవమును నింపి, అది గట్టిపడునట్లు చేయు పద్ధతులను మరికొందరు ప్రయత్నించిరి. గుజ్జు స్థానమును నింపు ఈ జాతి పద్ధతులేవియు ఇంకను వాడుకలో స్థిరపడలేదు.

ఇక్కడ ఒక మాటను విడదీయవలయును. ఆసుపత్రిలో ఎవరైనను లోపల పెద్దదగు పరికరమును పెట్టుదుమన్నచో, అది చాలవరకు జాకీవలె మరత్రిప్పగా ఎత్తు పెరుగు లోహపు గూడు. అది పూసలను ఎడము చేసి అతికించుటకే గాని కదలించుటకు కాదు. రెంటిని ఒకటిగా భావించి సంతకము చేయరాదు.

మన వయసువారి సంగతి దాపరికము లేక చెప్పెదను. 2007లో అమెరికా ప్రభుత్వపు వృద్ధుల వైద్యబీమావారు 60 ఏండ్లు దాటినవారికి నడుము డిస్కు మార్పిడికి పైకమీయమని నిశ్చయించిరి. కారణము పిసినితనము మాత్రమే కాదు. ముదిమిలో ఎముక గుల్లబారును, పళ్ళెములు దిగబడును. పూసల వెనుకనుండు చిన్న కీళ్ళు అరిగియుండును, డిస్కు మారినను ఆ నొప్పి పోదు. ఫ్లోరైడుచే బిగిసిన వెన్నునకును ఇది పనికిరాదు, అక్కడ బిగిసినది డిస్కు ఒక్కటే కాదు గనుక. ఇది ఒకటి రెండు డిస్కులు మాత్రమే చెడి, ఎముక గట్టిగానున్న నడివయసులోపలివారికి ఉద్దేశించినది.

అట్టి కుమారుడో కోడలో మీ యింట నున్నచో, తొందరపడనక్కరలేదు. డిస్కు జారి వచ్చిన కాలినొప్పి ఎక్కువమందికి కొన్ని వారములలో కత్తి లేకయే తగ్గును. అయితే మూత్రము పట్టుతప్పినను, తొడల నడుమ స్పర్శ పోయినను, పాదము వ్రేలాడబడినను ఒక్క దినమైనను ఆగరాదు, వెంటనే పెద్దాసుపత్రికి చేర్పవలయును. నెలల తరబడి ఓర్చినను తగ్గక డిస్కు మార్చుదమనినప్పుడు, ఎముక బలమును కొలిచితిరా, వెనుక కీళ్ళు బాగున్నవా, మీరిట్టివి ఎన్ని చేసితిరి, పెట్టినదానిని తీయవలసి వచ్చిన నెట్లు తీయుదురు అని అడుగుడు. కడపటి ప్రశ్న ముఖ్యము. నడుము డిస్కును ముందునుండి పెట్టునప్పుడు కాళ్ళకు పోవు పెద్ద రక్తనాళములను ప్రక్కకు తొలగింతురు. గాయము మానిన పిమ్మట ఆ నాళములు చుట్టునున్నవానికి అంటుకొనిపోవును. రెండవమారు ఆ త్రోవన పోవుట మొదటిదానికంటె మిక్కిలి ప్రమాదకరము.