ఒళ్ళో రాక్షస సేన

టక్. టక్. టక్.

నవంబరు శనివారం, తెల్లవారుజామున ఆరున్నర. లెస్టర్‌లో మా చెల్లెలి కొడుకు చిన్నోడి ఇల్లు. వంటింటి బల్ల దగ్గర శాలువా కప్పుకుని, వేడి కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. కిటికీ అద్దం అవతల చీకటి ఇంకా చీకటిలాగే ఉంది. బల్లకి ఆ పక్క చిన్నోడు ఒక్కో బొమ్మనీ పట్టుకుని ప్లాస్టిక్ డబ్బాలోకి దించుతున్నాడు. తల పట్టుకోడు, నడుం పట్టుకోడు. పాదాల కింద ఉండే గుండ్రటి బిళ్ళనే రెండు వేళ్ళతో పట్టుకుంటాడు. డబ్బా అడుగు ఇంకా గోరంత దూరం ఉండగానే బొమ్మ వాడి వేళ్ళలోంచి తనే దూకి టక్కున నిలబడుతుంది.

"ముప్ఫై నాలుగు" అంటాడు పైకే.

"నేనూ ఒక చెయ్యి వెయ్యనా?"

"వద్దు పెద్దమ్మా. నువ్వు కాఫీ తాగు."

నలభై ఏళ్ళుగా సంక్రాంతికి బొమ్మల కొలువు పెడుతున్నదాన్ని. బొమ్మ ముట్టుకోవద్దంటే నాకు పౌరుషం రాదూ? కానీ ఆ మాట అనే హక్కు వాడికి పదిహేను రోజుల కిందటే వచ్చింది. అది నేను చేజేతులా ఇచ్చిన హక్కే.

వంగి చూస్తాను. ఒక్కోటీ నా బొటనవేలికంటే కాస్త పొట్టి. పచ్చటి ఒళ్ళు, కింది దవడలోంచి పైకి పొడుచుకొచ్చిన కోరలు, చేతుల్లో గొడ్డళ్ళు, మొరటు తుపాకులు. ఓర్క్‌లట. మన భాషలో రాక్షసులు, అంతే. వార్‌హ్యామర్ 40,000 అనే ఆట. 1987లో మొదలైంది. ఇద్దరు మనుషులు, అరవై అంగుళాలకి నలభై నాలుగు అంగుళాల బల్ల, గుప్పెడు పాచికలు, అంగుళాలు కొలిచే టేపు. ఎవరి సైన్యం వాళ్ళే కొనుక్కోవాలి, అతికించుకోవాలి, రంగులు వేసుకోవాలి, మోసుకుపోవాలి. వీడి సైన్యం ఎనభై ఒక్క శాల్తీ, పైన నడిచే యంత్రాలు రెండు. మూడు చలికాలాలు కూర్చుని వేశాడు రంగులు. కనుపాపలు కూడా దిద్దాడు, భూతద్దం పెట్టుకుని.

ఇవాళ నాటింగ్‌హామ్ వెళ్తున్నాం. అక్కడ ఆట హాల్లో స్నేహితుడితో బల్ల బుక్ చేసుకున్నాడు. నన్నెందుకు తీసుకెళ్తున్నాడంటే, డబ్బాలు మూడు, చేతులు రెండు.

పదిహేను రోజుల కిందటి సంగతి చెప్తాను. విజయవాడ నుంచి వస్తూ వీళ్ళకోసం కొండపల్లి దశావతారాల సెట్టు తెచ్చాను. కొలువు బొమ్మలు సర్దే మా అమ్మ పద్ధతి ఒకటే: పెట్టెలో బొమ్మ కదలకూడదు. మట్టిబొమ్మకి ముందు పోయేది ముక్కు, అందుకని పాత చీర ముక్కలు బిగించి చుట్టి, సందుల్లో ఊక కూరి, పెట్టె ఊపి చూసి, చప్పుడు రాకపోతేనే మూత వేసేది. నేనూ అలాగే చుట్టాను. బట్టల మధ్య ఇరికించాను. సూట్‌కేసు ఎక్కడా పడలేదు, ఎవరూ విసరలేదు. ఇక్కడికొచ్చి విప్పితే తొమ్మిది అవతారాలు చెక్కుచెదరలేదు. పరశురాముడి గొడ్డలి మాత్రం కర్ర దగ్గర విరిగి గుడ్డలో మిగిలింది.

చిన్నోడు ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "దీన్ని విరిచింది నువ్వు చుట్టిన గుడ్డే పెద్దమ్మా. నువ్వు బొమ్మనంతా పట్టుకున్నావు. పాదాలు పట్టుకుంటే చాలు" అన్నాడు.

ఒళ్ళు మండింది. రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే వాడన్నది నిజమేననిపించింది. కొలువులో సెట్టిగారు, సెట్టెమ్మ ఉంటారు చూడండి, బొజ్జలతో, ఒడిలో చేతులు పెట్టుకుని. వాళ్ళకి ఊకా బిగింపూ సరిపోతాయి, పొడుచుకొచ్చినదేదీ లేదు కనక. గొడ్డలి ఎత్తి పట్టుకున్నవాడికి మెత్తటి గుడ్డ కూడా శత్రువే. వాడి ఒంటికి గాలి తప్ప ఏదీ తగలకూడదు.

వాడూ దెబ్బతినే నేర్చుకున్నాడు. మొదట్లో వంద పౌన్లు దాటించి స్పాంజి సంచీ ఒకటి కొన్నాడు. లోపల అరలు అరలుగా ఫోమ్, ఒక్కో బొమ్మకీ ఒక గూడు. చూడ్డానికి నగల పెట్టెలా ఉంటుంది. పడుకోబెట్టేటప్పుడు జెండా కర్రలు ఫోమ్‌కి తగులుకుని వంగాయి. దారిపొడుగునా సన్నటి ఒరిపిడికి కోరల మీదా, మోకాళ్ళ మీదా రంగు పోయింది. ఇప్పుడా సంచీ అటక మీద ఉంది, చలికోట్లు దాచుకోవడానికి.

ఇప్పటి ఏర్పాటు ఇది. మూతకి రెండు పక్కలా క్లిప్పులున్న మామూలు ప్లాస్టిక్ డబ్బాలు, నాలుగు లీటర్లవి రెండు, తొమ్మిది లీటర్లది ఒకటి. అడుగున కాగితం ఊడదీసి అతికించే ఇనప రేకు. ప్రతి బొమ్మ బిళ్ళ కిందా అయిదు మిల్లీమీటర్ల అడ్డం, ఒక మిల్లీమీటరు మందం ఉన్న నియోడిమియం అయస్కాంతం. అన్నీ కలిపి నలభై పౌన్ల లోపే తేలింది.

రేకు దగ్గర నేనూ తగుదునమ్మా అని ఒక సలహా ఇచ్చాను. డబ్బులెందుకు తగలేస్తావురా, నేను తెచ్చిన స్టీలు పోపుల డబ్బా ఉందిగా అని. వాడు నవ్వి అయస్కాంతం నా చేతికిచ్చాడు. డబ్బా మీద పెడితే పట్టుకోకుండా జారిపోయింది. అంచు వంపు తిరిగిన చోట మాత్రం నీరసంగా కాస్త లాగినట్టనిపించింది. మన వంటింటి స్టీలులో ఎక్కువ భాగం అయస్కాంతానికి లొంగదట, సాగదీసి వంచిన చోటే కొద్దిగా లొంగుతుందట. ఇన్నేళ్ళు తోమిన గిన్నెల గురించి ఈ ముక్క నాకు తెలియనే తెలియదు. బిస్కెట్ల రేకు డబ్బాకి మాత్రం గట్టిగా అతుక్కుంది.

నిన్న రాత్రి కొత్తగా వేసిన నాలుగు బొమ్మలకి అయస్కాంతాలు పెడుతుంటే పక్కనే కూర్చున్నాను. బిళ్ళ కిందంతా డొల్ల. అయస్కాంతం ఆ డొల్ల పైకప్పుకి అతికిస్తే రేకుకీ దానికీ మధ్య ఖాళీ మిగులుతుంది. గోరుమందం ఖాళీకే పట్టు సగానికి సగం చచ్చిపోతుంది. అందుకని రెండు రంగుల మక్కు కలిపి — వాడు పుట్టీ అంటాడు, నాకది కొండపల్లి వాళ్ళ మక్కే — డొల్లలో నింపాడు. రేకు మీద నూనెకాగితం పరిచి, దానిమీద అయస్కాంతం పెట్టి, పైనుంచి బొమ్మని నొక్కి తెల్లవార్లూ వదిలేశాడు. పొద్దున లేచేసరికి అయస్కాంతం అంచుతో సమానంగా కూర్చుంది.

"ఎనభై ఒకటి." మూత బిగించాడు. డబ్బా ఎత్తి, నా కళ్ళముందే తలకిందులు చేశాడు. నా గుండె జారింది. బొమ్మలు జారలేదు. ఎనభై ఒక్కమందిలో ఈ డబ్బాలో ఉన్న నలభైమంది గబ్బిలాల్లా వేలాడుతూ కోరలు చూపిస్తున్నారు.

రైల్లో డబ్బా నా ఒళ్ళో. పైన సామాన్ల అర ఖాళీగానే ఉన్నా పెట్టనివ్వడు. చక్రాల పెట్టె అసలు వాడడు. పేవ్‌మెంటు పలకల మీద చక్రాల గడగడ, పడిపోవడంకన్నా ప్రమాదం అంటాడు. ప్లాస్టిక్ జిగురు రెండు ముక్కల్నీ కరిగించి ఒకటి చేస్తుంది, ఆ అతుకుకి భయంలేదు. సూపర్ గ్లూ అలా కాదు, పెళుసు. లాగితే ఓర్చుకుంటుంది, గడగడ కొడితే చిట్లుతుంది. లోహపు బొమ్మలకి వేరే దారిలేదు కనక, చెయ్యికీ భుజానికీ సన్నటి రంధ్రాలు తొలిచి లోపల గుండుసూదంత తీగ ముక్క దూర్చి అతికిస్తారు. విరిగిన ఎముకలో కమ్మీ వేసినట్టు.

"విజయవాడ ఎప్పుడు తెస్తావురా వీళ్ళని?"

"తెస్తే నా చేతి సంచీలోనే, విమానం కడుపులో వెయ్యను. రంగు స్ప్రే డబ్బాలు మాత్రం రెంటిలోనూ రానివ్వరు, అంటుకునే సరుకు కదా. అక్కడే కొనాలి. మే నెలలో మాత్రం రానే రాను. కారులో వదిలేస్తే రెజిన్ కత్తులన్నీ మెత్తబడి వంగిపోతాయి."

లఫ్‌బరో దాటింది. కాసేపటికి కిటికీనిండా ఎనిమిది కూలింగ్ టవర్లు, మంచులో బోర్లించిన గాబుల్లా. రాట్‌క్లిఫ్ థర్మల్ కేంద్రం. ఈ దేశంలో చివరి బొగ్గు కరెంటు అదేనట, 2024 సెప్టెంబరు 30న ఆపేశారు. నాకు ఇబ్రహీంపట్నం గుర్తొచ్చింది. అక్కడా థర్మల్ పొగగొట్టాల పక్కనే కదూ కొండపల్లి! తెల్ల పొణికి కర్ర, చేతులు విడిగా, తల విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, ఆపైన రంగులు. వీడూ అంతే: ముక్కలు అతికి, ప్రైమర్ కొట్టి, ఆపైన రంగులు. వీడి తాత ఉంటే, ఇంజనీరు చదివి బొమ్మలపని చేస్తున్నావట్రా అనేవాడు, మెచ్చుకోలుగానే.

నాటింగ్‌హామ్ స్టేషన్ నుంచి కాలవ గట్టు వెంట నడక. బెజవాడదాన్ని, కాలవ గట్టు కనిపిస్తే కాళ్ళు వాటంతటవే నడుస్తాయి. డబ్బా పొట్టకి ఆనించుకుని, పాలగిన్నె మోసినట్టు మోస్తున్నాను. ఈ ఊళ్ళో ఇలాంటి బొమ్మలు పోతపోసే కంపెనీలు ఎన్నో. ఒకప్పటి సీసపు బొమ్మల పేరుమీద ఈ చుట్టుపక్కల ప్రాంతాన్ని 'లెడ్ బెల్ట్' అంటారట.

హాలు గుమ్మం ముందు కవచం తొడుక్కున్న భారీ సైనికుడి విగ్రహం. లోపల వరసలు వరసలుగా బల్లలు, వాటిమీద కూలిన గోడలు, కొండలు, పాచికల గలగల. అందరూ ఆట చూస్తుంటే నా కళ్ళు మాత్రం బల్లల కింద డబ్బాల మీద. ఒకాయన దగ్గర స్పానర్లు పెట్టుకునే పనిముట్ల పెట్టె. ఒక పిల్లాడి దగ్గర చెప్పుల అట్టపెట్టె. గోడకి పోస్టర్లు అంటించే మెత్తటి జిగురుముద్దతో బొమ్మల్ని అడుగుకి అంటించేశాడు. ఈ మొత్తం హాల్లో అంతకన్నా చవక ఏర్పాటు లేదు, వాడి బొమ్మలన్నీ క్షేమంగానే ఉన్నాయి. ఒకమ్మాయి కేకు మోసే గుండ్రటి డబ్బాలో రెక్కల రాక్షసుణ్ణి తెచ్చింది.

పక్క బల్ల పెద్దాయన మాత్రం ఐస్‌క్రీం డబ్బాలోంచి టిష్యూ కాగితం ఉండలు తీసి ఒక్కోటీ విప్పుతున్నాడు. 1980లనాటి లోహపు బొమ్మలట. నా వైపు తిరిగి, ఇవి పొట్టివి, బరువైనవి, అయస్కాంతం వీటిని మొయ్యలేదు, కాగితమే మేలు అన్నాడు. నేను చిన్నోడి వైపు చూశాను. వాడు వినలేదు, లేదా విననట్టు నటించాడు. మా అమ్మ పద్ధతి నాటింగ్‌హామ్‌లో బతికే ఉందని మాత్రం నాకు తెలిసింది.

ఆట మూడున్నర గంటలు సాగింది. చిన్నోడు ఓడిపోయాడు. మధ్యలో నాకు పనిలేక, చచ్చి బల్ల అంచుకి చేరిన బుల్లి గుంటరాక్షసుణ్ణి ఒకణ్ణి, వీళ్ళని గ్రెచిన్‌లంటారట, తీసి, కళ్ళజోడు పెట్టుకుని తిప్పి తిప్పి చూశాను. చెవులు చేటల్లా ఉన్నాయి, చేతిలో చెక్కతుపాకీ. వాడి మొహంలో భయం దిద్దిన తీరు చూసి ముచ్చటేసింది.

సాయంత్రం రైలు. సీట్లో కూర్చోగానే వాడు మూతలు తీసి లెక్క మొదలుపెట్టాడు. ఎనభై. మళ్ళీ లెక్కపెట్టాడు. ఎనభయ్యే. మొహం పాలిపోయింది.

"గ్రెచిన్ ఒకడు లేడు పెద్దమ్మా. హాల్లోనే వదిలేశాను."

జేబులు తడిమాడు, సంచీ దులిపాడు, సీట్ల కింద ఫోను వెలుగు వేసి చూశాడు. రైలు బీస్టన్ దాటింది. నాకూ నోట మాట రాలేదు. సరిగ్గా కనిపించడం లేదని కళ్ళజోడు కోసం చేతిసంచీలో చెయ్యి పెట్టాను. వేలికి ఏదో గరుగ్గా తగిలింది.

బయటికి లాగితే నా పిన్నీసుల గుత్తి వచ్చింది. దానికి తలకిందులుగా వేలాడుతూ వాడు, చేటచెవులతో, చెక్కతుపాకీ చెక్కుచెదరకుండా. పిన్నీసునుంచి ఊడదీయడానికి చిన్నోడు గోటితో మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

టక్.

"ఎనభై ఒకటి."